కుక్క కాటుకు సీరం తప్పదా? పెద్దమ్మవారికి ఒక్క టీకా ఎలా సరిపోయింది?

ముందు చేయాల్సిన పని చెప్తాను తమ్ముడూ, కారణాలు తర్వాత. ఈ రోజే, బుధవారం పొద్దు గూకకముందే, పిల్లోణ్ణి అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయి గాయంలో సీరం, అంటే కుక్క కాటుతో వచ్చే రేబీస్ వైరస్‌ను పట్టుకునే మందు, వేయించండి. రేపు గురువారం ఎట్లాగూ రెండో సూది ఉంది, రెండూ ఒకేసారి చేయిద్దాంలే అని ఆగొద్దు.

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. గుత్తి దగ్గర పల్లె. మీ అక్క కొడుక్కి ఆరేళ్లు, బరువు 18 కిలోలు. ఆదివారం సాయంత్రం వీధికుక్క కుడి ముంజేతిని కరిచింది. రెండు పళ్ళు లోతుగా దిగి రక్తం వచ్చింది. నీళ్ళతో ఒకసారి కడిగి పసుపు అద్దారు. సోమవారం పీహెచ్‌సీలో రెండు భుజాలకూ సూదులు వేసి, సీరం మా దగ్గర లేదు, అనంతపురం పొండి అన్నారు. మీ అవ్వేమో కుక్క ఊర్లోనే బాగా తిరుగుతోంది కదా, పది రోజులు చూద్దాం, పసరు పోయిస్తే చాలు అంటోంది. పైగా "పెద్దమ్మవారినే (మశూచినే) ఒక్క టీకాతో పంపించేసినారు, దీనికి ఇన్ని సూదులెందుకు?" అని అడిగింది. అవ్వ ప్రశ్నను కొట్టిపారేయొద్దు. రేబీస్‌కూ మశూచికీ ఉన్న తేడా తెలిస్తే సీరం ఎందుకో ఆమెకే అర్థమవుతుంది. ఆ సంగతి కింద రాశాను.

గాయంలో ఏం జరుగుతుందో చూడండి. పన్ను దిగినప్పుడు కుక్క చొంగతో పాటు వైరస్ కండలోకి పోతుంది. రేబీస్ వైరస్ తూటా ఆకారంలో, సుమారు 180 నానోమీటర్ల పొడవుంటుంది. లోపల ఒకే పోగు ఆర్‌ఎన్‌ఏ, దాని మీద ఐదు ప్రోటీన్లకు మాత్రమే సరిపోయే సమాచారం. పైన కొవ్వు పొర, ఆ పొర నిండా ముళ్ళలాగా జి ప్రోటీన్. కండకూ నరానికీ కలిసే చోట ఆ ముళ్ళతో అతుక్కుని నరం కొసలోకి దూరుతుంది. ఒక్కోసారి దూరకముందు కండలోనే రోజుల తరబడి ఉండిపోతుంది. దూరిన తర్వాత నరం వెంబడి రోజుకు 50 నుంచి 100 మిల్లీమీటర్ల చొప్పున వెన్నుపాము వైపు ఎక్కుతుంది. నరం లోపల ఉన్నంతకాలం రక్తంలో తిరిగే యాంటీబాడీలకు, అంటే వైరస్‌ను పట్టుకునే రక్షక ప్రోటీన్లకు, దొరకదు. మెదడుకు చేరి పెరిగాక మళ్ళీ నరాల వెంబడే లాలాజల గ్రంథుల్లోకి దిగుతుంది. అప్పుడు మానిన పాత గాయం దగ్గర తిమ్మిరి, జుమ్మనడం, జ్వరం మొదలవుతాయి. ఆ తర్వాత నీళ్ళు చూస్తేనే గొంతు బిగుసుకుపోవడం, గాలి తగిలినా ఉలిక్కిపడడం. ఆ దశ మొదలయ్యాక ప్రాణం నిలబెట్టే మందు ఈ రోజుకీ లేదు.

కరిచిన నాటి నుంచి ఆ దశకు సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. అరుదుగా వారంలోనే రావచ్చు, ఏడాది దాటీ రావచ్చు. ముఖం, తల, మెడ, వేళ్ళ మీద కాటైతే గడువు తక్కువ. అక్కడ నరాల కొసలు దట్టంగా ఉంటాయి. ముఖం, తల అయితే మెదడూ పక్కనే. పిల్లలు పొట్టిగా ఉంటారు, కుక్క మూతి నేరుగా వాళ్ళ ముఖానికి అందుతుంది. అందుకే పిల్లల విషయంలో ఇంత తొందర పెడతారు.

ఇప్పుడు సీరం సంగతి. టీకా పడ్డాక మన ఒంట్లో సొంత యాంటీబాడీలు తగినంత తయారు కావడానికి 7 నుంచి 14 రోజులు కావాలి. ఆ లోపు గాయంలో ఉన్న వైరస్ నరంలోకి దూరకుండా పట్టుకోవడానికి ఒంట్లో ఏమీ ఉండదు. బయట తయారుచేసిన యాంటీబాడీలను నేరుగా గాయంలోనే పోసేదే సీరం. అందుకే దాన్ని తుంటికి వేస్తే పని జరగదు. ఎక్కడ పన్ను దిగిందో అక్కడే, గాటు లోపలా చుట్టూరా, సూది మొన కదుపుతూ నింపాలి. పిల్లోడు గట్టిగా ఏడుస్తాడు, నొప్పి నిజంగానే ఎక్కువ. ఇద్దరు పోయి గట్టిగా పట్టుకోండి. ఏడుస్తున్నాడని సగంలో ఆపించొద్దు.

మోతాదు బరువును బట్టి ఉంటుంది. గుర్రం రక్తం నుంచి తీసిన సీరం అయితే కిలోకు 40 యూనిట్లు. 18 కిలోలకు 720 యూనిట్లు. మిల్లీలీటరుకు 300 యూనిట్ల సీసా అయితే 2.4 మిల్లీలీటర్లు. మనిషి రక్తం నుంచి తీసింది అయితే కిలోకు 20 యూనిట్లు, అంటే 360. మిల్లీలీటరుకు 150 ఉండే సీసాలోంచి అది కూడా 2.4 మిల్లీలీటర్లే. ఇది గరిష్ఠ మోతాదు, దీన్ని దాటించకూడదు. రెండు పళ్ళ గాట్లలో పట్టినంత పట్టించాక ఇంకా మిగిలితే దాన్ని దూరంగా ఎక్కడో పొడవాల్సిన పని లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నుంచి చెబుతోంది. గాయాలు ఎక్కువై సీరం చాలకపోతే సెలైన్ కలిపి పరిమాణం పెంచి, ప్రతి గాయానికీ అందేట్టు చేస్తారు. ఒక గాటు వదిలేస్తే అక్కడి వైరస్‌కు దారి వదిలినట్టే. వెంట్రుకల్లో, చెవి వెనుక, వీపు మీద చిన్న గీరుడు ఉందేమో పిల్లోణ్ణి బట్టలు విప్పించి చూసి డాక్టరుకు చూపించండి.

డాక్టరుకు చెప్పాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. పిల్లోడికి గతంలో పాము కాటుకు మందు ఎక్కించి ఉంటే తప్పక చెప్పండి. మన దగ్గర వాడే పాము విషం విరుగుడు కూడా గుర్రం రక్తం నుంచి తీసిందే. ఒకసారి అలవాటైన ఒళ్ళు రెండోసారి గట్టిగా ఎదురు తిరగొచ్చు. అందుకని అలా ఎదురు తిరిగితే ఆపే అడ్రినలిన్ సూది పక్కన పెట్టుకునే సీరం వేస్తారు, వేసిన తర్వాత కాసేపు అక్కడే కూర్చోబెడతారు. బస్సుకు టైమైందని లేచి రాకండి. వారం పది రోజుల తర్వాత దద్దుర్లు, కీళ్ళ నొప్పులు, జ్వరం వస్తే సీరం వల్ల కావచ్చు, చూపించుకోండి. దానికి మందులున్నాయి.

గడువు లెక్కలో చాలామంది పొరబడతారు. సీరం మొదటి టీకా సూది పడిన రోజు నుంచి ఏడో రోజు వరకు వేయొచ్చు. లెక్క మొదలయ్యేది కాటు నుంచి కాదు, మొదటి సూది నుంచి. మీకు వచ్చే సోమవారంతో ఆ గడువు అయిపోతుంది. ఆ తర్వాత సొంత యాంటీబాడీలు వచ్చేస్తాయి, సీరం వాటి తయారీకే అడ్డం పడుతుంది. అదే ఎవరైనా కరిచిన నెలకు, రెండు నెలలకు మొదటిసారి ఆసుపత్రికి వస్తే, వాళ్ళను ఆ రోజే కరిచినట్టు లెక్కగట్టి టీకాతో పాటు సీరం కూడా వేయాలి. ఆలస్యమైంది, ఇంకెందుకులే అనుకునే జబ్బు కాదిది.

ఇక టీకా. మీ పిల్లోడికి రెండు భుజాలకూ వేశారంటే అది చర్మంలో వేసే పద్ధతి. చోటుకు 0.1 మిల్లీలీటరు, రెండు చోట్ల. మొదటి రోజును సున్నాగా తీసుకుని సున్నా, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. మీకు సోమవారం మొదటిది పడింది, రేపు గురువారం రెండోది, వచ్చే సోమవారం మూడోది, సరిగ్గా నాలుగు వారాలు నిండే సోమవారం నాలుగోది. కండకు వేసే పద్ధతి అయితే సున్నా, 3, 7, 14, 28, మొత్తం ఐదు. రెండూ సమానంగా పనిచేస్తాయి. చర్మంలో వేసేది తక్కువ మందుతో ఎక్కువమందికి సరిపోతుంది కాబట్టి సర్కారు ఆసుపత్రుల్లో అదే ఎక్కువ.

చర్మంలో వేసేటప్పుడు దగ్గర నుంచి చూడండి. సూది దాదాపు పడుకోబెట్టి గుచ్చి మందు వదిలితే, చర్మం పైకి లేచి బత్తాయి తొక్కలాగా సన్నని గుంటలతో తెల్లటి బుడిపె కనిపించాలి. బుడిపె లేవకపోతే మందు చర్మం దాటి లోపలికి పోయినట్టు. అప్పుడు పక్కనే ఇంకో చోట మళ్ళీ వేయమని మర్యాదగా అడగండి. ఇన్సులిన్ సిరంజితో వేస్తే, మిల్లీలీటరుకు 40 యూనిట్ల సిరంజిలో 0.1 మిల్లీలీటరు అంటే 4 యూనిట్ల గుర్తు, 100 యూనిట్ల దాంట్లో 10 యూనిట్ల గుర్తు. ఈ రెండు సిరంజిలూ కలగాపులగమైతే మోతాదు రెండున్నర రెట్లు తేడా వస్తుంది. పొడిగా ఉండే మందును నీటితో కలిపాక 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో పెట్టి కొన్ని గంటల్లోనే వాడేయాలి, మర్నాటికి దాచకూడదు. కాబట్టి పొద్దునే పోవడం మేలు.

కండ పద్ధతిలో అయినా పిరుదుకు మాత్రం వేయించొద్దు. అక్కడ కొవ్వు ఎక్కువ, మందు సరిగా అందదు. పెద్దలకు భుజం, రెండేళ్ళ లోపు పిల్లలకు తొడ ముందువైపు. ఒక తేదీ తప్పిపోతే మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టక్కర్లేదు. ఆగిన చోటు నుంచి వెంటనే కొనసాగించాలి. చాలా ఇళ్ళలో ఎగ్గొట్టేది 28వ రోజు సూదే. గాయం మానిపోయి ఉంటుంది, పొలం పనులుంటాయి, మర్చిపోతారు. గోడ క్యాలెండర్ మీద ఈ రోజే ఎర్ర సిరాతో చుట్టండి.

కార్డు మీద ఏం రాశారో కూడా చదవండి. కుక్క కరిచిందని పోతే ధనుర్వాతం సూది ఒక్కటే వేయించుకుని వచ్చి, కుక్క సూది అయిపోయింది అనుకునే వాళ్ళున్నారు. ఆ సూదీ కావాల్సిందే, కానీ అది రేబీస్‌ను ఆపదు. మీ కార్డులో రేబీస్ టీకా పేరు, బ్యాచ్ నంబరు, తర్వాతి తేదీలు ఉండాలి. ఆ కార్డు పారేయొద్దు. పూర్తిగా వేయించుకున్న పిల్లోణ్ణి రేపెప్పుడైనా మళ్ళీ కుక్క కరిస్తే సీరం అవసరం ఉండదు. సున్నా రోజున ఒక చోట, 3వ రోజున ఒక చోట 0.1 మిల్లీలీటరు వేస్తే చాలు.

పథ్యం ఏమీ లేదు. వంకాయ, గుడ్డు, మాంసం, సద్ద రొట్టె, అన్నీ తినొచ్చు, స్నానం చేయొచ్చు. గర్భిణికైనా, బాలింతకైనా ఇదే టీకా, ఇదే సీరం, తగ్గింపు లేదు.

అవ్వ చెప్పే పసరు గురించి. ఆకు పసరు, కారం, సున్నం, పొగాకు, కిరోసిన్, వాతలు, ఏవి పెట్టినా గాయం లోపలి పొరలు రేగి నరాల కొసలు ఇంకా బయటపడతాయి. పసరుతో బాగైనవాళ్ళు ఊర్లో ఉన్నారంటే కారణం వేరే: కరిచిన ప్రతి కుక్కకూ రేబీస్ ఉండదు, రేబీస్ ఉన్న కుక్క కరిచిన ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు. ఆ బతికినవాళ్ళందరి పేరూ పసరు ఖాతాలో పడిపోతుంది. పోయినవాళ్ళు రెండు నెలల తర్వాత పోతారు, అప్పటికి కాటుకూ చావుకూ ముడి ఎవరూ వేయరు.

అసలు మొదటి మందు సబ్బు. వైరస్ పైన కొవ్వు పొర ఉందన్నాను కదా, బట్టల సబ్బు నురుగు కూడా ఆ పొరను కరిగించేస్తుంది, పొర పోతే వైరస్ చచ్చినట్టే. కొళాయి కింద గాయం పట్టి 15 నిమిషాలు, గడియారం చూసుకుంటూ, గాటు లోపలికి నీళ్ళు దూరేట్టు కడగాలి. మన అనంతపురం పల్లెల్లో కొళాయిలో నీళ్ళు ఎప్పుడూ ఉండవు. బిందె దగ్గర పెట్టుకుని ఒకరు చెంబుతో సన్నగా పోస్తూ ఉంటే ఇంకొకరు కడగాలి. ఆ తర్వాత పోవిడోన్ అయోడిన్ అనే క్రిములను చంపే మందు పూయాలి. మీరు ఆదివారం ఒకసారి నీళ్ళు పోసి ఊరుకున్నారు. ఇప్పుడైనా, బయలుదేరే ముందు, పసుపంతా పోయేట్టు సబ్బుతో కడగండి. ఆలస్యంగా కడిగినా వృథా కాదు. కుట్లు వేయించొద్దు. చీలిపోయి వేయక తప్పని గాయమైతే ముందు సీరం నింపి, కొన్ని గంటలాగి, వదులుగా వేస్తారు.

అవ్వ ప్రశ్నకు వస్తాను. పెద్దమ్మవారు, అంటే మశూచి. వేరియోలా అనే వైరస్ వల్ల వచ్చేది. ఇటుక ఆకారం, 300 నానోమీటర్లకు పైనే, లోపల డీఎన్‌ఏ. టీకా లేనివాళ్ళలో పదిమందికి ముగ్గుర్ని తీసుకుపోయేది. ఎదురెదురుగా ఉన్నవాళ్ళకు ఊపిరి తుంపర్ల ద్వారా, రోగి పడక, బట్టల ద్వారా అంటేది. అది పోవడానికి మూడు కారణాలు కలిసొచ్చాయి. ఒకటి, అది మనిషిలో తప్ప ఏ జంతువులోనూ బతకదు. రెండు, అది దాక్కోదు: సోకిన వారం పది రోజులు దాటాక జ్వరం, ఆ వెంటే ముఖం, చేతులు, అరచేతులు, అరికాళ్ళ మీద ఒకే వయసు పొక్కులు. ఆటలమ్మ పొక్కులైతే కడుపూ వీపూ మీద ఎక్కువ, కొన్ని లేతగా కొన్ని ముదురుగా ఉంటాయి. మశూచి పొక్కు చదువు రానివాళ్ళు కూడా గుర్తుపట్టేది. వాకిలికి వేపమండలు కట్టిన ఇల్లు చూస్తే లోపల ఏముందో వీధంతటికీ తెలిసేది. మూడు, ఒకసారి వచ్చి తగ్గినా, టీకా పడినా శరీరం దాన్ని చాలా ఏళ్ళు గుర్తుపెట్టుకునేది.

ఆ టీకాలో ఉండేది వ్యాక్సీనియా అనే బతికున్న వైరస్. చీలిన మొన ఉన్న చిన్న సూదిని మందులో ముంచి భుజం మీద 15 సార్లు పొడిచేవారు. ఆ వైరస్ చర్మంలో తానే పెరిగి, పుండై, మానేది. అవ్వ చేతి మీది గుండ్రటి మచ్చ అదే. బతికున్న వైరస్ పెరుగుతూ శరీరానికి పాఠం చెబుతుంది కాబట్టి ఒక్క దఫా చాలేది. రేబీస్ విషయంలో బతికున్న వైరస్‌ను మనిషికి ఎక్కించలేం. కాబట్టి చంపిన వైరస్ ఇస్తాం. చచ్చినది పెరగదు, అందుకని మూడు రోజులకు, ఏడు రోజులకు, 28 రోజులకు గుర్తు చేయాలి. సూదులు ఎక్కువ కావడానికి కారణం ఇంతే.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల భయం అవ్వకు ఉంటే అదీ తీర్చండి. అది గొర్రె మెదడుతో చేసిన పాత సెంపుల్ టీకా, 1911లో కసౌలిలో మొదలైంది. కొందరికి పక్షవాతం లాంటి ఇబ్బందులు వచ్చేవి. మన దేశంలో 2004తో దాని తయారీ ఆగిపోయింది. ఇప్పుడున్నది ప్రయోగశాలలో కణాల మీద పెంచి చంపిన వైరస్.

పోలిక ఇంకొకటి ఉంది, నాకు ఇదే ముఖ్యంగా తోస్తుంది. మశూచి రోగిని తాకిన నాలుగు రోజుల్లో టీకా వేసినా చాలామంది తప్పించుకునేవారు. సోకిన తర్వాత వేసే టీకా పనిచేసే జబ్బులు తక్కువ. ఈ రెండూ వాటిలో ఉన్నాయి, వైరస్ నిదానంగా ఎదగడం వల్ల. చివరి ఏళ్ళలో మశూచిని తరిమింది కూడా అందరికీ గుడ్డిగా టీకాలేసి కాదు. పొక్కుల బొమ్మ ఉన్న కార్డు పట్టుకుని ఇంటింటికీ తిరిగి రోగిని వెతికి, ఆ రోగి చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వలయంలాగా టీకాలేశారు. మన దేశంలో చివరి కేసులు 1975 మేలో. లోకంలో సహజంగా సోకిన చివరి వ్యక్తి 1977 అక్టోబరులో సోమాలియాలో. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సంస్థ అది పోయిందని ప్రకటించింది.

రేబీస్‌కు ఆ వలయం మనుషుల చుట్టూ వేస్తే ప్రయోజనం లేదు. మనిషి నుంచి మనిషికి అది దాదాపు అంటదు. కుక్కల్లోనే తిరుగుతుంది, మనుషులకు వచ్చే రేబీస్‌లో నూటికి 99 వాటి నుంచే. ఊర్లోని కుక్కల్లో పదింటికి ఏడింటికి టీకా పడితే గొలుసు తెగుతుంది. మూడు నెలలు నిండిన పిల్లకు మొదటిది, ఆపైన పశువైద్యుడు చెప్పిన తేదీల్లో, ఏటా. కుక్కల్ని పట్టి దూరంగా వదిలేస్తే ఆ ఖాళీలోకి టీకా లేని కొత్త కుక్కలు వస్తాయి, ఊరు మళ్ళీ మొదటికొస్తుంది.

గొర్రెలు, ఎనుములు ఉన్న ఇళ్ళవాళ్ళకు ఒక మాట. రేబీస్ కుక్క అంటే కనబడినవాళ్ళ మీదికల్లా ఉరికేదే అనుకుంటారు. మూగ రకం కూడా ఉంది: చీకటి మూలకు పోయి పడుకుంటుంది, కింది దవడ వేలాడుతుంది, చొంగ కారుతుంది, అరుపు బొంగురుపోతుంది. ఎనుమైతే మేత మింగలేక నోరు తెరుచుకుని నిలబడుతుంది. గొంతులో ఏదో అడ్డం పడిందని నోట్లో చేయి పెట్టేది అక్కడే. పెట్టొద్దు, పశువుల డాక్టర్ని పిలవండి. ఆ ఎనుము పాలు కాచి తాగినవాళ్ళు సూదుల కోసం పరిగెత్తక్కర్లేదు, కాచితే వైరస్ చస్తుంది. ఆ పాలు ఇకపై మాత్రం వాడొద్దు. చొంగ పుండు మీద పడినవాళ్ళు, నోట్లో చేయి పెట్టినవాళ్ళు మాత్రం తప్పక వెళ్ళాలి.

పది రోజుల కాపలా అనే మాట అవ్వ కల్పించింది కాదు, వైద్యంలో ఉన్నదే. కుక్క, పిల్లి లక్షణాలు కనబడడానికి ముందు పది రోజుల లోపే చొంగలో వైరస్ వదులుతాయి. కాబట్టి కరిచిన పదో రోజు దాకా ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాడు దాని చొంగలో వైరస్ లేనట్టే. కోతికి, నక్కకు, తోడేలుకు ఈ లెక్క వర్తించదు. అయితే కాపలా అనేది వైద్యం మొదలుపెట్టాక పక్కన చేసే పని. చూస్తూ కూర్చుంటే ఎనిమిదో రోజు కుక్క చచ్చిందనుకోండి, ఆ ఎనిమిది రోజులూ పోయినట్టే. చర్మంలో వేసే పద్ధతిలో కుక్క బాగున్నా నాలుగు దఫాలూ పూర్తి చేయించండి.

మీ కుక్కకు పదో రోజు వచ్చే బుధవారం. రోజుకొకసారి దూరం నుంచి చూడండి. కనబడకుండా పోయినా, చచ్చినా ఆసుపత్రిలో చెప్పండి, పశువుల డాక్టరుకూ చెప్పండి, తల పరీక్షకు పంపాలో లేదో ఆయన చూసుకుంటారు, మీరు చేతులు పెట్టొద్దు. బుధవారం దాటాక బతికి బాగుంటే దాన్ని పట్టించి, వీధిలోని మిగతా కుక్కలతో పాటు టీకా వేయించండి.